చట్టం దాటి తెచ్చిన సాక్ష్యం: అమెరికా కేసు కాగితాలను చదవవలసిన వరుస

నెల్లూరులో కోర్టుకు దగ్గరగా ఉన్న నా ఆఫీసుకు ఒక సాయంత్రం విడవలూరు వైపు నుంచి ఒక తండ్రి వచ్చి, ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా పెట్టుకున్న పదకొండు కాగితాలు తీసి బల్ల మీద పరిచారు. టెక్సాస్‌లో ఎం.ఎస్. చదువుతున్న ఆయన కుమారుడి మీద పెట్టిన కేసులోని పోలీసు నివేదిక, లాప్‌టాప్ తెరవడానికి తీసుకున్న వారంటు, ఆ వారంటు కోసం పోలీసు అధికారి సమర్పించిన ప్రమాణపత్రం అందులో ఉన్నాయి. ఆయన అడిగింది ఒకే మాట: "వారంటు లేకుండానే ఇంట్లోకి వచ్చినారంట సార్. అట్టాంటప్పుడు కేసు నిలబడదు గదా?"

జిల్లాలో పిల్లలను అమెరికా పంపిన ఇళ్లు పెరిగిన కొద్దీ ఈ ప్రశ్న నా దగ్గరకు తరచుగా వస్తున్నది. అక్కడి కోర్టులో వాదించే అర్హత నాకు లేదు, అక్కడి కేసును అక్కడి న్యాయవాదే నడపాలి. అయితే ఇక్కడి కుటుంబానికి ఏ ప్రశ్న అడగాలో తెలిసి, అక్కడి పిల్లవాడు ఏ వివరం రాసి ఇవ్వాలో గ్రహిస్తే, ఆ న్యాయవాదికి మొదటి వారంలోనే కావలసిన సరంజామా చేతికి అందుతుంది. అందుకోసమే, చట్టవిరుద్ధంగా సేకరించిన సాక్ష్యాన్ని పక్కన పెట్టే ఎక్స్‌క్లూజనరీ రూల్ ఒక కేసులో పనికి వస్తుందో రాదో తెలుసుకోవడానికి ఏ ప్రశ్న తరువాత ఏ ప్రశ్న వేసుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు అవునని గానీ కాదని గానీ వెంటనే చెప్పడం ఎందుకు కుదరదో కూడా ఈ వరుసలోనే తెలుస్తుంది.

ముందుగా మన కోర్టు అలవాటును పక్కన పెట్టాలి

మన దగ్గర సోదా అనగానే మధ్యవర్తుల నివేదిక గుర్తుకు వస్తుంది. ఇద్దరు మధ్యవర్తులు ఉంటారు, వారిలో ఒకరు చాలాసార్లు వి.ఆర్.ఓ. అయి ఉంటారు. దొరికిన వస్తువుల జాబితా, దాని కింద వారి సంతకాలు ఉంటాయి. విచారణ రోజున ఆ మధ్యవర్తి బోనెక్కి సంతకం తనదేనని చెబుతారు, ఆయన అసలు ఆ చోటికి వెళ్లలేదని, పోలీసు స్టేషనులోనే సంతకం పెట్టారని క్రాస్ ఎగ్జామినేషన్‌లో రాబట్టడానికి మేము ప్రయత్నిస్తాము. ఈ శ్రమంతా ఆ సాక్ష్యం నమ్మదగినదా కాదా అన్న ఒక్క అంశం చుట్టూనే తిరుగుతుంది. సోదా చట్టప్రకారం జరగలేదని తేలినంత మాత్రాన, కేసుకు సంబంధం ఉన్న వస్తువును కోర్టు చూడకూడదని మన చట్టం చెప్పదు, 1973 డిసెంబరులో పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతినే స్పష్టం చేసింది. మత్తు పదార్థాల చట్టంలోని 50వ సెక్షన్ ప్రకారం ఒంటి సోదాలో పాటించవలసిన రక్షణను పాటించకపోతే, దొరికిన సరుకు ముద్దాయి వద్ద అక్రమంగా ఉన్నదని రుజువు చేయడానికి పనికిరాదని 1999లో బల్దేవ్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన మాట ఒక ముఖ్యమైన మినహాయింపు.

ఒప్పుకోలు విషయంలో మన చట్టం ఇంకొంత కఠినంగా ఉన్నా, అక్కడ కూడా ఒక సందు ఉన్నది. పోలీసులకు ఇచ్చిన ఒప్పుకోలు చెల్లదు, కానీ ఆ మాట వల్ల ఒక వస్తువు బయటపడితే, బయటపడిన సంగతికి స్పష్టంగా సంబంధించిన మేరకు ఆ మాట చెల్లుతుంది. పాత సాక్ష్య చట్టంలో 27వ సెక్షన్‌గా ఉన్న ఈ నియమం 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లో కొనసాగుతున్నది. దాని హద్దులు గీసిన పులుకూరి కోటయ్య తీర్పు మన తెలుగు నేల మీది కేసులోనే, బ్రిటిష్ కాలంలో మన చివరి అప్పీలు కోర్టు అయిన ప్రీవీ కౌన్సిల్ నుంచి వెలువడింది.

మన పద్ధతిలో దొరికిన వస్తువు ముందు, దొరికిన తీరు తరువాత వస్తాయి. అమెరికాలో ఈ క్రమం తలకిందులవుతుంది. వస్తువు నిజమైనదే కావచ్చు, నేరాన్ని నూటికి నూరుపాళ్లు రుజువు చేసేదే కావచ్చు, అయినా దొరికిన తీరు రాజ్యాంగానికి విరుద్ధమైతే, నేరం రుజువైందో లేదో తేల్చే పౌరుల బృందమైన జ్యూరీ కంటికి అది కనపడకూడదన్నది అక్కడి సూత్రం. ఈ తేడా మనసులో నాటుకోనిదే మిగిలిన ప్రశ్నలు అర్థం కావు.

ఈ సూత్రం ఎక్కడి నుంచి వచ్చింది

అమెరికా రాజ్యాంగం నాల్గవ సవరణ 1791 నుంచి ఉన్నది. ప్రజల శరీరాలను, ఇళ్లను, కాగితాలను, వస్తువులను అసమంజసమైన సోదాల నుంచీ జప్తుల నుంచీ అది కాపాడుతుంది. ప్రమాణం మీద చెప్పిన తగిన ఆధారం, అంటే వారు ప్రాబబుల్ కాజ్ అనేది, లేకుండా వారంటు ఇవ్వకూడదని, ఏ చోటును వెతకాలో, ఏ వస్తువును పట్టుకోవాలో వారంటులో ప్రత్యేకంగా రాయాలని కూడా చెబుతుంది. ఈ హక్కును పోలీసులు తొక్కివేస్తే ఏమవుతుందన్నది మాత్రం ఆ సవరణలో ఎక్కడా లేదు. ఆ ఖాళీని కోర్టులు పూరించాయి. 1914లో వీక్స్ కేసులో, వారంటు లేకుండా ఇంటి నుంచి తీసుకుపోయిన కాగితాలను ఫెడరల్ కోర్టులో, అంటే కేంద్ర ప్రభుత్వపు కోర్టులో, వాడకూడదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. రాష్ట్రాల కోర్టులకు ఆ కట్టుబాటు రావడానికి ఇంకో 47 ఏళ్లు పట్టింది.

ఆ 1961 నాటి తీర్పును ప్రతి కుటుంబానికీ నేను కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే తలుపు దగ్గర ఎలా నిలబడాలో అందులో కనిపిస్తుంది. 1957 మే 23న ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో డాల్‌రీ మ్యాప్ అనే మహిళ ఇంటికి ముగ్గురు పోలీసులు వచ్చి, బాంబు కేసులో కావలసిన మనిషి లోపల ఉన్నాడని, తలుపు తీయమని అడిగారు. ఆమె తన న్యాయవాదికి ఫోన్ చేసి, వారంటు లేనిదే లోపలికి రానివ్వనని చెప్పింది. కొన్ని గంటల తరువాత మరింత మంది పోలీసులు వచ్చి తలుపు బద్దలుకొట్టారు. అప్పటికి చేరుకున్న న్యాయవాదిని లోపలికి పోనివ్వలేదు. వారంటు చూపమని ఆమె నిలదీస్తే ఒక అధికారి ఒక కాగితం ఎత్తి చూపాడు. ఆమె దానిని లాక్కుని రవికెలో దాచుకున్నది. పోలీసులు పెనుగులాడి దానిని తిరిగి తీసుకుని, ఆమె చేతులకు బేడీలు వేసి, పడకగది నుంచి నేలమాళిగలోని ట్రంకు పెట్టె దాకా ఇల్లంతా గాలించారు. వెతికిన మనిషికి బదులు అశ్లీలమని వారు భావించిన పుస్తకాలు, బొమ్మలు దొరికాయి, వాటి మీదే ఆమెకు శిక్ష పడింది. విచారణలో ప్రాసిక్యూషన్ ఏ వారంటునూ చూపలేకపోయింది. అలాంటి సాక్ష్యం రాష్ట్రాల కోర్టుల్లోనూ చెల్లదని సుప్రీంకోర్టు ఆ కేసులో తేల్చింది.

పోలీసు తప్పు చేసినందుకు నేరస్థుడు బయటపడాలా అన్న ప్రశ్న న్యాయమూర్తి కార్డోజో 1926లో న్యూయార్క్‌లో లేవనెత్తిన నాటి నుంచీ ఉన్నది, అది న్యాయమైన ప్రశ్నే. ఈ సూత్రం బాధితుడికి పరిహారం కోసం కాదని, పోలీసులు మళ్లీ అలా చేయకుండా నిరోధించడానికేనని ఇటీవలి దశాబ్దాలలో సుప్రీంకోర్టు పదే పదే చెబుతున్నది. దాని పర్యవసానం చాలా పెద్దది: నిరోధించవలసిన దుష్ప్రవర్తన లేదనిపించిన చోట కోర్టు సాక్ష్యాన్ని లోపలికి రానిస్తుంది. కింద చెప్పబోయే మినహాయింపులలో చాలా వాటికి మూలం ఈ వాదనలోనే ఉన్నది.

సోదా చేసింది ఎవరు, హక్కు ఎవరిది

కాగితాలు చేతికి రాగానే నేను మొదట చూసేది వస్తువును ఎవరు కనుగొన్నారన్నది. నాల్గవ సవరణ ప్రభుత్వాన్ని కట్టివేస్తుంది, ప్రైవేటు మనిషిని కాదు. పోలీసులు పురమాయించకుండానే గది యజమానో, రూమ్మేటో, లాప్‌టాప్ బాగుచేసే దుకాణం వారో తమంతట తాము చూసి పోలీసులకు అప్పగిస్తే, 1921 నాటి బర్డో తీర్పు ప్రకారం ఆ సాక్ష్యానికి అడ్డు లేదు. టెక్సాస్‌లో ఉన్నవారు ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ రాష్ట్రపు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 38.23 అధికరణం అధికారితో పాటు "ఇతర వ్యక్తి" చట్టాన్ని ఉల్లంఘించి తెచ్చిన సాక్ష్యాన్ని కూడా నిరాకరిస్తుంది. అందువల్ల కేసు టెక్సాస్ రాష్ట్ర కోర్టులో ఉన్నదా, అక్కడే ఉన్న ఫెడరల్ కోర్టులో ఉన్నదా అన్నది మొదటి రోజే తెలుసుకోవాలి.

తరువాతి ప్రశ్న మన వాళ్లను ఎక్కువగా నిరాశపరిచేది. ఇంకొకరి హక్కుకు భంగం కలిగితే దానిని మీరు వాడుకోలేరు. 1978లో రాకస్ కేసులో, కారులో ప్రయాణిస్తున్నవారు ఆ కారు తమది కానప్పుడు, అందులో తమకంటూ గోప్యత ఆశించే హక్కు లేనప్పుడు, కారు సోదాను ప్రశ్నించలేరని కోర్టు చెప్పింది. అయితే కారును ఆపడమే చట్టవిరుద్ధమైతే ప్రయాణికుడు కూడా ఆ ఆపడాన్ని ప్రశ్నించవచ్చునని 2007లో బ్రెండ్లిన్ కేసులో తేలింది. స్నేహితుడి సంచిలో దొరికిన వస్తువుకూ మీ గది బీరువాలో దొరికిన వస్తువుకూ ఇక్కడే తేడా వస్తుంది. కాబట్టి గది ఎవరి పేరున ఉన్నది, అద్దె ఎవరు కడుతున్నారు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్న మామూలు ఇంటి సంగతులే కోర్టులో పెద్ద సంగతులవుతాయి.

ఇంటి ముందు రోడ్డు పక్కన పెట్టిన చెత్త సంచికి నాల్గవ సవరణ రక్షణ లేదని 1988లోనే తేలింది. దాని గురించి వాదించి కాలం వృథా చేయనక్కరలేదు.

తలుపు దగ్గర అన్న మాట

నేను చూసిన కాగితాలలో ఎక్కువ కేసులు తెగేది వారంటు మీద కాదు, సమ్మతి మీద. వారంటు లేకపోయినా, ఇంట్లో ఉన్నవారు స్వచ్ఛందంగా అనుమతిస్తే సోదా చెల్లుతుంది. కాదనే హక్కు మీకు ఉన్నదని పోలీసులు ముందుగా చెప్పవలసిన పని లేదని 1973లో ష్నెక్‌లాత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటికి ఎవరు వచ్చినా "రండి, లోపలికి రండి" అని పక్కకు తప్పుకోవడం మన పెంపకంలో ఉన్న మర్యాద. యూనిఫాంలో ఉన్న మనిషి గుమ్మంలో నిలబడి "లోపలికి ఒకసారి రావచ్చునా" అని మృదువుగా అడిగితే మన పిల్లలు తలుపు బార్లా తీస్తారు. నివేదికలో అది "సమ్మతితో ప్రవేశం" అవుతుంది. నోటితో ఏమీ అనకుండా పక్కకు తప్పుకోవడాన్ని కూడా సమ్మతిగా తీసుకున్న కోర్టులు ఉన్నాయి.

పిల్లలకు ముందుగానే నేర్పవలసిన మాట చిన్నది: "సోదాకు నేను ఒప్పుకోవడం లేదు." గొంతు పెంచకుండా, చేతులు అడ్డం పెట్టకుండా, తలుపుకు అడ్డుపడకుండా అనాలి. ఆ తరువాత వారు లోపలికి వచ్చినా బలవంతంగా ఆపకూడదు, ఎదిరిస్తే అది వేరే కేసవుతుంది, ప్రాణాపాయం కూడా. ఆ మాట పోలీసుల ఒంటి మీద ఉండే బాడీ కెమెరాలో నమోదైతే చాలు, మిగిలినది కోర్టు చూసుకుంటుంది.

ఒకే ఫ్లాటులో నలుగురైదుగురు ఉండే మన విద్యార్థుల విషయంలో, ఎవరి సమ్మతి ఎంతవరకు చెల్లుతుందన్నది ఇంకొంచెం లోతుగా చూడాలి. కలిసి వాడుకునే చోటుకు ఒకరు అనుమతిస్తే సరిపోతుందని 1974 నాటి మ్యాట్‌లాక్ తీర్పు చెబుతుంది. అక్కడే ఉన్న మరొకరు స్పష్టంగా వద్దంటే ఆ అనుమతి వద్దన్నవారి మీద చెల్లదని 2006లో ర్యాండాల్ఫ్ కేసులో తేలింది. వద్దన్నవారిని చట్టబద్ధంగా అరెస్టు చేసి తీసుకుపోయిన తరువాత మిగిలినవారు ఒప్పుకుంటే మళ్లీ చెల్లుతుందని 2014లో ఫెర్నాండెజ్ కేసులో కోర్టు చెప్పింది. హాలు, వంటగది అందరివీ కావచ్చు గానీ, ఒకరు విడిగా వాడుకుని తాళం వేసుకునే పడకగది మీద మిగిలినవారికి అధికారం ఉన్నదా అన్నది వేరే ప్రశ్న. రూమ్మేటుకు అధికారం ఉన్నదని పోలీసులు సహేతుకంగా నమ్మితే చాలునని 1990లో రోడ్రిగెజ్ అనే వ్యక్తి కేసులో వచ్చిన తీర్పు ఉన్నది కాబట్టి, ఆ నమ్మకం ఎంత సహేతుకమో తేల్చడానికి ఆ గది తలుపు మూసి ఉన్నదా, తెరిచి ఉన్నదా, ఇది ఎవరి గది అని పోలీసులు అడిగారా అన్న వివరాలు కావాలి.

ఫోన్ సంగతి వేరు. అరెస్టు చేసినప్పుడు జేబులు వెతకవచ్చు గానీ, ఫోన్ లోపలి సమాచారం చూడడానికి మామూలుగా వారంటు కావాలని 2014లో రైలీ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. అయినా అడగగానే పాస్‌కోడ్ చెప్పి ఫోన్ చేతికిస్తే ఆ రక్షణను మనమే వదులుకున్నట్లవుతుంది. విమానాశ్రయంలో దేశంలోకి ప్రవేశించేటప్పుడు జరిగే తనిఖీకి సరిహద్దు నియమాలు వర్తిస్తాయి, ఇంటి గుమ్మం దగ్గరి నియమాలను అక్కడ ఆశించకూడదు. కారు విషయంలో కూడా తగిన ఆధారం ఉంటే వారంటు అక్కరలేదని 1925 నుంచీ నియమం ఉన్నది. కానీ ట్రాఫిక్ తప్పుకు ఆపి, ఆ పని ముగిసిన తరువాత, కారణం లేకుండా కుక్కతో వాసన చూపించడం కోసం ఏడెనిమిది నిమిషాలు నిలబెట్టినా అది చట్టవిరుద్ధమేనని 2015లో మరో రోడ్రిగెజ్ కేసులో తేలింది. అందువల్ల కారు కేసులో టికెట్ చేతికి ఇచ్చిన నిమిషం ఏదో కచ్చితంగా రాసుకోవాలి.

ఉప్పునీరు ఎంతదూరం పారింది

మొదటి సోదా చెల్లదని తేలితే దాని వల్ల తరువాత దొరికినవన్నీ కొట్టుకుపోతాయా? విషవృక్షం పండు అని అమెరికా కోర్టులు పిలిచే ఈ సిద్ధాంతానికి పునాది 1920 నాటి సిల్వర్‌థార్న్ తీర్పులో ఉన్నది, ఆ పేరు 1939లో న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్ పెట్టినది. మా ప్రాంతం వారికి నేను దీనిని రొయ్యల గుంటతో చెబుతాను. గట్టు సరిగా వేయని రొయ్యల గుంట నుంచి ఉప్పునీరు పక్క మడిలోకి ఊరితే ఆ మడిలో వరి చస్తుంది. దాని కింది మడికి కూడా ఆ నీరే పారితే అదీ చస్తుంది. చట్టవిరుద్ధమైన సోదాలో కనపడిన వస్తువు మొదటి మడి, దానిని చూసి రాసిన వారంటులో దొరికినది రెండవ మడి.

అయితే కింది మడికి పెన్నా కాలువ నీరు వేరే తూము నుంచి కూడా వస్తుంటే, ఆ మడి పంటకు ఉప్పునీటితో సంబంధం లేదనవచ్చు. ఇది స్వతంత్ర ఆధారం, 1988 నాటి మర్రే తీర్పు దీని గురించే. రేపో మాపో కాలువ వంతు ఎలాగూ ఈ మడికి వచ్చేదేనని రుజువైతే అది అనివార్యంగా దొరికే సాక్ష్యం. అయోవాలో 1968 డిసెంబరులో ఒక చిన్నారి హత్య జరిగింది. న్యాయవాది లేని సమయంలో పోలీసులు నిందితుణ్ని మాటల్లో పెట్టి మృతదేహం ఉన్న చోటు రాబట్టారు. ఆ సమయానికే సుమారు 200 మంది వలంటీర్లు గాలిస్తూ ఆ వైపు వస్తున్నారు కాబట్టి దేహం ఎలాగూ దొరికేదని 1984లో నిక్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ సాక్ష్యాన్ని అనుమతించింది. టెక్సాస్‌లో 38.23 అధికరణం కింద ఈ మినహాయింపును ఆ రాష్ట్రపు అత్యున్నత క్రిమినల్ కోర్టు ఒప్పుకోలేదు, రాష్ట్ర కోర్టా ఫెడరల్ కోర్టా అన్న ప్రశ్న మళ్లీ ఇక్కడ తగులుతుంది. చివరగా, మడులు దాటి దాటి వచ్చేసరికి ఉప్పు విరిగిపోయే దూరం కూడా ఉంటుంది. 1963 నాటి వాంగ్ సన్ కేసులో, విడుదలై వెళ్లిన మనిషి కొన్ని రోజుల తరువాత తనంతట తాను తిరిగి వచ్చి ఇచ్చిన వాంగ్మూలం చెల్లింది. 2016లో స్ట్రీఫ్ కేసులో, ఆపడం తప్పే అయినా ఆ మనిషి మీద పాత వారంటు ఒకటి పెండింగులో ఉన్నదని బయటపడడంతో లంకె తెగిందని కోర్టు భావించింది. ఈ తీర్పు నాకు సమ్మతం కాదు. ముందు ఆపి తరువాత కారణం వెతుక్కునే అలవాటును అది ప్రోత్సహిస్తుందని నా అభిప్రాయం. కానీ అది అమలులో ఉన్న చట్టం.

ఈ లంకెను పరీక్షించడానికి చేతితో చేయగలిగిన పని ఒకటి ఉన్నది. వారంటు కోసం ఇచ్చిన ప్రమాణపత్రాన్ని ముందు పెట్టుకుని, చెల్లని సోదా నుంచి వచ్చిన ప్రతి వాక్యాన్నీ పెన్సిలుతో కొట్టివేసి, మిగిలినది మొదటి నుంచి చదవాలి. మిగిలిన వాక్యాలతోనే ఒక న్యాయాధికారి వారంటు ఇచ్చి ఉండేవారా అన్నదే కోర్టు అడిగే ముఖ్యమైన ప్రశ్న. విడవలూరు తండ్రి తెచ్చిన ప్రమాణపత్రంలో మొత్తం తొమ్మిది పేరాలు ఉన్నాయి. లాప్‌టాప్ తెరవడానికి చూపిన కారణం, పడకగది బల్ల మీద ఇతరుల పేర్ల మీద ఉన్న గిఫ్ట్ కార్డులు కనిపించాయన్నది. ఆ సంగతి ఆరవ పేరాలో ఉన్నది. దానిని కొట్టివేస్తే మిగిలినది ఒక పేరులేని ఫిర్యాదు, అధికారి అనుభవం గురించిన రెండు పేరాలు, చిరునామా.

పెన్సిలు పరీక్షలో నెగ్గినా ఇంకో గోడ దాటాలి. న్యాయాధికారి ఇచ్చిన వారంటును పోలీసులు మంచి నమ్మకంతో అమలు చేస్తే, ఆ వారంటులో లోపం తరువాత బయటపడినా సాక్ష్యం చెల్లుతుందని 1984లో లియాన్ కేసు చెప్పింది. 2009లో హెరింగ్ కేసులో, పక్క కౌంటీ (మన జిల్లా వంటిది) రికార్డులో తొలగించవలసిన వారంటును తొలగించకపోవడం వల్ల జరిగిన అరెస్టులో దొరికిన వస్తువులను కూడా అనుమతించారు. ఏమరుపాటుకు, ఉద్దేశపూర్వకమైన ఉల్లంఘనకు మధ్య కోర్టు గీసే గీత ఇది. కాబట్టి పోలీసులకు ఆ క్షణంలో ఏమి తెలుసు అన్నది చూపగలిగిన ప్రతి వివరమూ విలువైనదే.

పోలీసులతో మాట్లాడిన మాటలు

కస్టడీలో ప్రశ్నించే ముందు హక్కులు చెప్పాలన్న 1966 నాటి మిరాండా నియమం అందరికీ తెలిసినదే. తెలియనిది ఏమిటంటే, హక్కులు చెప్పకుండా రాబట్టిన మాట పోయినా, ఆ మాట వల్ల దొరికిన వస్తువు పోదని 2004లో పటానే కేసులో తేలింది. న్యాయవాది కావాలన్న మాట కూడా సందిగ్ధంగా ఉండకూడదు. "లాయరుతో మాట్లాడితే బాగుంటుందేమో" అన్న ధోరణిలో ఒక నిందితుడు అన్న మాట చాలదని, ప్రశ్నించడం ఆపనవసరం లేదని 1994లో డేవిస్ తీర్పు చెప్పింది. పెద్దవారి ముందు కోరికను "ఏమో"తో మెత్తబరచడం మన మర్యాద. అక్కడ ఆ "ఏమో" హక్కును పోగొడుతుంది. "నేను మాట్లాడను, నాకు న్యాయవాది కావాలి" అని అనాలి, అన్న తరువాత మౌనంగా ఉండాలి. అబద్ధం మాత్రం ఆడకూడదు, మౌనం నేరం కాదు గానీ ఫెడరల్ అధికారికి అబద్ధం చెప్పడం నేరం కాగలదు.

భారత కాన్సులేటుకు తెలియజేయమని అడిగే హక్కు విదేశీయులకు వియన్నా ఒప్పందం కింద ఉన్నది. దానిని పోలీసులు చెప్పకపోయినంత మాత్రాన వాంగ్మూలం కొట్టివేయనవసరం లేదని 2006లో సాంచెజ్ లామాస్ కేసులో కోర్టు చెప్పింది. అడిగి తీరవలసిన హక్కు అది, దాని మీద కేసు గెలుస్తామని మాత్రం అనుకోకూడదు.

ఏ కోర్టులో, ఏ పనికి

క్రిమినల్ విచారణలో నేరాన్ని నేరుగా రుజువు చేయడానికి పనికిరాని సాక్ష్యం మరో చోట పనికి రావచ్చు. అభియోగం మోపాలా వద్దా అని తేల్చే గ్రాండ్ జ్యూరీ ముందు దీనికి అడ్డు లేదు. నిందితుడు బోనెక్కి అబద్ధం చెబితే, ఆ అబద్ధాన్ని బయటపెట్టడానికి ప్రాసిక్యూషన్ దానినే తీసి చూపవచ్చు. మన పిల్లలకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇమ్మిగ్రేషన్. దేశం నుంచి పంపివేసే విచారణ సివిల్ స్వభావం కలది కాబట్టి ఈ సూత్రం సాధారణంగా అక్కడ వర్తించదని 1984లో లోపెజ్ మెండోజా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అతి తీవ్రమైన ఉల్లంఘనల సంగతిని మాత్రం పక్కకు వదిలింది. అంటే సాక్ష్యాన్ని పక్కన పెట్టమని క్రిమినల్ కోర్టులో వేసి గెలిచిన మోషన్ (దరఖాస్తు) వీసాను కాపాడకపోవచ్చు. నేరం ఒప్పుకుని బేరానికి దిగే ముందు, దాని వల్ల దేశం విడిచి వెళ్లవలసి వస్తుందా అని క్రిమినల్ న్యాయవాది సలహా చెప్పి తీరాలని 2010లో పడీలా కేసు విధించింది. ఆ సలహాను రాతపూర్వకంగా తీసుకోండి. వీలైతే వేరుగా ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని కూడా అడగండి.

మోషన్‌కు ముందు చేయవలసిన పనులు

సాక్ష్యాన్ని పక్కన పెట్టమని కోరే దరఖాస్తును సప్రెషన్ మోషన్ అంటారు. అది విచారణ మొదలు కాక ముందే, కోర్టు ఇచ్చిన గడువులోగా వేయాలి, గడువు దాటితే హక్కు పోవచ్చు. వారంటు లేని సోదా అయితే అది చట్టబద్ధమని చూపవలసిన భారం మామూలుగా ప్రాసిక్యూషన్ మీద ఉంటుంది, వారంటు ఉంటే దానిని తప్పని చూపవలసినది నిందితుడు. ఆ మోషన్ విచారణలో గది నాదేనని, వస్తువు నాదేనని నిందితుడు చెప్పిన మాటను నేరం రుజువు చేయడానికి తరువాత వాడుకోకూడదని 1968లో సిమన్స్ తీర్పు రక్షణ ఇచ్చింది. మోషన్ ఓడిపోయి నేరం ఒప్పుకోవలసి వస్తే, ఆ ఉత్తర్వు మీద అప్పీలు హక్కును దక్కించుకునే షరతుతో ఒప్పుకునే మార్గం ఫెడరల్ కోర్టులో ఉన్నది. అందుకు ప్రాసిక్యూషన్, కోర్టు రెండూ అంగీకరించాలి.

ఇక కుటుంబం చేయవలసినది. పిల్లవాడు బయట ఉంటే, జరిగినదంతా మొదటి మూడు నాలుగు రోజుల్లోనే, జ్ఞాపకం చెదరక ముందే తెలుగులోనే రాయమనండి. పైన "నా న్యాయవాది కోసం" అని రాసి, ఆ కాగితాన్ని న్యాయవాదికి తప్ప ఎవరికీ పంపవద్దని చెప్పండి. కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు, తల్లిదండ్రులకు కూడా న్యాయవాది సరేనన్న తరువాతనే చూపాలి. తలుపు ఎవరు తీశారు, ఎవరు ఏ మాట అన్నారు, ఎంతమంది వచ్చారు, ఏ గదిలోకి ముందు వెళ్లారు, ఆ తలుపు ఎలా ఉన్నది, ఎంతసేపు ఉన్నారు, ఏమి తీసుకుపోయారు అన్నవి వరుసగా ఉండాలి. జైలు నుంచి చేసే ఫోన్లు రికార్డవుతాయి, కాబట్టి ఆ ఫోన్లలో కేసు గురించి ఒక్క మాట కూడా అడగకండి, ఆరోగ్యం అడిగి పెట్టేయండి. ఫోన్లో, లాప్‌టాప్‌లో, క్లౌడులో ఏదీ చెరపవద్దని గట్టిగా చెప్పండి. సాక్ష్యం చెరపడం వేరే నేరం, దాని ముందు ఎంత బలమైన మోషన్ అయినా వెలవెలబోతుంది. అపార్ట్‌మెంటు వరండా కెమెరా దృశ్యాలు కొద్ది రోజులకే చెరిగిపోవచ్చు కాబట్టి, వాటిని భద్రపరచమని న్యాయవాది చేత వెంటనే ఉత్తరం రాయించండి. మోషన్ గెలిచినా కేసు దానంతట అదే ముగియదని, ప్రాసిక్యూషన్ అప్పీలుకు వెళ్లవచ్చునని, మిగిలిన సాక్ష్యంతో కేసు నడపవచ్చునని కూడా ముందే తెలుసుకుని ఉండండి.

విడవలూరు కుటుంబం ఈ పనులన్నీ చేసింది. ఆ అబ్బాయి నాలుగు పేజీలు రాసి తన న్యాయవాదికి ఇచ్చాడు. అతని అనుమతితో నేను వాటిని చదివాను. తలుపు తీసి రమ్మన్నది రూమ్మేటు. అబ్బాయి అప్పుడు స్నానం చేస్తూ ఉన్నాడు కాబట్టి గుమ్మం దగ్గర వద్దనే అవకాశం రాలేదు, అందువల్ల ర్యాండాల్ఫ్ తీర్పు అతనికి అక్కరకు రాదు. మూడవ పేజీ అడుగున, అంత ముఖ్యమని అనుకోకుండా రాసిన ఒక వాక్యం ఉన్నది: తన గదికి విడిగా నంబరు తాళం ఉంటుందని, ఆ రోజు కూడా వేసే స్నానానికి వెళ్లానని, బయటికి వచ్చేసరికి గడియ విరిగి తలుపు తెరిచి ఉన్నదని. పోలీసు నివేదికలో ఆ తలుపు గురించి ఒక్క మాట కూడా లేదు. గది అద్దె విడిగా చెల్లించిన బ్యాంకు రసీదులు, ఆ తాళం కొన్న బిల్లు అదే వారంలో న్యాయవాదికి చేరాయి. ఆమె బాడీ కెమెరా దృశ్యాల కోసం కోరిక పెట్టి, ఆరవ పేరాను తొలగించి మిగిలిన ప్రమాణపత్రాన్ని చదవమని కోరుతూ మోషన్ వేశారు. దాని మీద విచారణకు తేదీ పడింది.